వద్దంటే ఏమవుతుంది? లాక్ హాస్పిటల్ నుంచి ఆశ్రమ పాఠశాల దాకా

(చందనవెల్లిలో ఆదివాసీ, గిరిజన యువతీయువకుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే, కొంచెం సర్ది రాసింది.)



మీటింగ్ మొదలు కాకముందు ఒక చెల్లె నా దగ్గరికొచ్చి ఒక మాట అడిగింది. "అక్కా, హాస్టల్ల హెల్త్ క్యాంపు పెడుతరు. లైన్ల నిలబెట్టి రక్తం తీస్తరు. ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటరు. ఎందుకని అడిగితే, నీ మంచికేనే అంటరు. వద్దంటే ఏమైతది?"

నాకు ఇవాళ ఇచ్చిన అంశం ఆరోగ్య చట్టాలు, ఆడవాళ్లు. నేను చెప్పబోయేదంతా ఆ చెల్లె ప్రశ్నకు జవాబే. ఎందుకంటే ఈ దేశంలో నూట అరవై ఏండ్లుగా ఆడవాళ్లకు "నీ మంచికే", "అందరి ఆరోగ్యానికే" అని చెప్తూనే ఉన్నరు. అది నిజంగా మంచికేనా, కాదా అని తేల్చుకోవడానికి ఒకటే దారి. వద్దన్న మనిషికి ఏమైందో చూడాలి.

చూడటానికి దూరం పోనక్కర్లేదు. మొయినాబాద్ దాటి పట్నం పోండి. పట్నానికి అవతలి కొసన సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఉంది. తిరుమలగిరి, బొల్లారం అంతా ఒకప్పటి తెల్లవాళ్ల ఫౌజు ఉన్న జాగానే. 1806లో ఏర్పడిన ఆ కంటోన్మెంట్ నిజాం రాజ్యం నడుమ ఉన్నా, దాని లోపల నడిచింది మాత్రం బ్రిటిష్ వాళ్ల చట్టమే.

1857 తిరుగుబాటు తర్వాత దేశంలో తెల్ల సిపాయిల సంఖ్య బాగా పెరిగింది. ఆ సిపాయిల్లో పెళ్లానికి సర్కారు వసతి దొరికేది కొద్దిమందికే. మిగిలినవాళ్లంతా ఒంటరి మగవాళ్లు. వాళ్లలో సవాయి, సెగ రోగాలు విపరీతంగా ఉండేవి. దవాఖానాల్లో పడుకున్న సిపాయి యుద్ధానికి పనికిరాడు. సిపాయిని ఓడలో ఇంత దూరం తేవడానికి పెట్టిన ఖర్చు వృథా. సర్కారుకు దిగులు పట్టుకుంది అక్కడ.

మరి సర్కారు ఏం చేసింది? 1864లో కంటోన్మెంట్ చట్టం, అంటే ఆ ఏడాది 22వ చట్టం తెచ్చింది. తర్వాత 1868లో 14వ చట్టం. దీని పేరు ఇండియన్ కంటేజియస్ డిసీజెస్ యాక్ట్, అంటే అంటురోగాల చట్టం. పేరు వింటే కలరా, మశూచి కోసం అనుకుంటం. కాదు. అది సవాయి, సెగల కోసం. మొదటిది కంటోన్మెంట్లకు, రెండోది కలకత్తా, మద్రాసు వంటి పట్టణాలకు.

ఆ చట్టం ఎట్లా పనిచేసేదో చూడండి. వేశ్యావృత్తిలో ఉందని అనుకున్న ఆడమనిషి పేరు రిజిస్టర్‌లో ఎక్కిస్తరు. చేతికి ఒక టికెట్ ఇస్తరు. నెలలో చెప్పిన రోజుల్లో పోయి పరీక్ష చేయించుకోవాలి. రోగం ఉందని డాక్టర్ అంటే లాక్ హాస్పిటల్‌లో పెడతరు. వదిలేదాకా బయటికి రావడానికి లేదు. పరీక్షకు పోకపోతే జరిమానా, లేదా జైలు. రోగం తెచ్చే సిపాయికి రిజిస్టర్ లేదు, టికెట్ లేదు. ఆ మాటకొస్తే, మగవాళ్లను అట్లా పరీక్షించడం వాళ్ల ఆత్మగౌరవానికి దెబ్బ అని బ్రిటన్ సైన్యంలో 1859లోనే ఆ పద్ధతి మానేశారు. ఆత్మగౌరవం సిపాయికి ఉంటది, బజారులో ఆడమనిషికి ఉండదు. చట్టం నోరు తెరిచి ఈ మాట అనలేదు, చేతల్లో అన్నది.

మద్రాసు ప్రెసిడెన్సీ సైనిక లాక్ హాస్పిటళ్ల మీద ఏటేటా నివేదికలు అచ్చయ్యేవి. వాటిలో సికింద్రాబాద్ ఉంది, బళ్లారి ఉంది. వాటిని రాసింది తెల్ల డాక్టర్లు, తెల్ల ఆఫీసర్లు. అందులో అంకెలుంటయ్: ఎంతమంది రిజిస్టర్ అయ్యారు, ఎంతమందిని లోపల పెట్టారు అని. ఒక్క ఆడమనిషి ఏమన్నదో మాత్రం వెతికినా దొరకడం కష్టం. కానీ ఆ ఆఫీసర్ల ఫిర్యాదుల్లోనే వాళ్ల మాట వినబడుతది. ఆడవాళ్లు దొరకడం లేదు, హద్దు దాటి పక్క ఊళ్లకు పారిపోతున్నరు అని మాటిమాటికీ ఫిర్యాదు. ఆ పారిపోవడమే వాళ్లు చెప్పిన "వద్దు". కాగితం మీద రాయరాని మనుషులు కాళ్లతోని చెప్పారు.

ఇంకొక సంగతి గమనించండి. రిజిస్టర్‌లో ఉన్నవాళ్లను పరీక్షించినా రోగం తగ్గకపోతే ఆఫీసర్లు ఎవరిని అనుమానించారు? సిపాయిని కాదు. గడ్డి కోసి అమ్మే ఆడవాళ్లను, కట్టడాల దగ్గర కూలి చేసే ఆడవాళ్లను. అంటే పని కోసం ఇల్లు దాటిన ప్రతి పేద ఆడమనిషీ అనుమానితురాలే. 1876 నుంచి 78 దాకా ధాత కరువులో లక్షల మంది తిండిలేక రోడ్లెక్కారు. ఆకలికి కంటోన్మెంట్ల దగ్గరికి చేరిన ఆడవాళ్లు ఆఫీసర్ల కండ్లకు కరువు బాధితులుగా కాదు, రోగం మోసుకొచ్చేవాళ్లుగా కనబడ్డారు. అన్నం పెట్టాల్సిన చోట పోలీసును పెట్టారు.

ఎవరు వేశ్య, ఎవరు కాదు అని తేల్చేదెవరు? ఆచరణలో పోలీసు, ప్యూను, పక్కింటి చాడీ. 1869లో కలకత్తాలో సుఖిమొనియా రౌర్ అనే మహిళ పరీక్షకు రాలేదని జైలు పాలైంది. నేను వేశ్యను కాను, నేను రిజిస్టర్ చేయించుకోలేదు, అందుకే పరీక్షకు పోలేదని ఆమె అర్జీ పెట్టుకుంది. ఒక్కసారి ఆలోచించండి. ఆమె ఏ నేరమూ చేయలేదు. "వద్దు" అన్నది, అంతే. ఆ "వద్దు" నేరమైంది.

పోనీ, ఆ పరీక్షతో రోగమన్నా తగ్గిందా? ఆ రోజుల్లో వైద్యానికి ఏం తెలుసో చూడండి. సెగరోగం సూక్ష్మజీవిని గుర్తించింది 1879లో. సవాయి సూక్ష్మజీవిని 1905లో. దానికి రక్తపరీక్ష 1906లో. పనిచేసే మొదటి మందు 1910లో. పెన్సిలిన్ 1940లలో. అంటే 1864లో, 1868లో చట్టం చేసిననాడు డాక్టర్ కంటితో చూసి చెప్పడమే. ఇచ్చే మందు పాదరసం, అదే ఒక విషం. రోగాన్ని కనిపెట్టలేరు, నయం చేయలేరు. ఆడమనిషిని మాత్రం లోపల పెట్టగలరు. కొన్నేండ్లకు సర్కారు ఆఫీసర్లే ఈ పద్ధతి పనిచేయడం లేదని ఒప్పుకున్నారు.

1886లో సైన్యం పెద్దల నుంచి ఒక సర్క్యులర్ పోయింది. రెజిమెంట్ల బజార్లలో సరిపడా ఆడవాళ్లు ఉండాలి, చూడటానికి బాగుండాలి అన్నది దాని సారం. అది 1888లో బయటపడి లండన్ పార్లమెంటులో గొడవైంది. బ్రిటన్‌లో ఇదే రకం చట్టాల మీద జోసెఫిన్ బట్లర్, ఆమె వెంట వేలమంది ఆడవాళ్లు 1869 నుంచి కొట్లాడి 1886లో రద్దు చేయించారు. ఇక్కడ 1888లో రద్దయింది. కానీ సంబురపడకండి. 1897లో కొత్త కంటోన్మెంట్ చట్టం వచ్చింది. దాని కింద, పరీక్షకు ఒప్పుకోని ఆడమనిషిని కంటోన్మెంట్ నుంచి వెళ్లగొట్టవచ్చు. వద్దంటే జైలు అన్నది పోయి, వద్దంటే ఊరు విడిచిపో అన్నది వచ్చింది.

అదే 1897లో, అదే సికింద్రాబాద్‌లో ఇంకొకటి జరిగింది. ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ తర్వాత మలేరియాకు దారి దొరికింది. ఎందుకు దొరికింది? ఈ రోగం ఎట్లా వస్తుంది అని అడిగాడు కాబట్టి. సవాయి దగ్గరికి వచ్చేసరికి సర్కారు అడిగిన ప్రశ్న వేరు. ఈ రోగానికి ఏ ఆడది కారణం అని అడిగింది. మొదటి ప్రశ్న వైద్యం, రెండోది పోలీసు పని. రెండూ ఆరోగ్యం పేరుతోనే నడుస్తయ్. మనం విడదీసి చూడటం నేర్చుకోవాలి.

అదే ఏడాది పుణెలో ప్లేగు. ఎపిడెమిక్ డిసీజెస్ యాక్ట్ 1897లోనే వచ్చింది. సైనికులు ఇండ్లలో జొరబడి సోదాలు చేశారు. చంకల్లో, గజ్జల్లో గడ్డలున్నాయా అని ఆడవాళ్లను కూడా చూడటం జనాన్ని మండించింది. అదే పుణెలో సావిత్రిబాయి ఫూలే, కొడుకు యశ్వంత్ కలిసి ప్లేగు రోగులకు దవాఖానా పెట్టారు. జబ్బుపడ్డ ఒక పిల్లవాణ్ణి ఆమె స్వయంగా ఎత్తుకొచ్చింది. ఆమెకూ ప్లేగు అంటుకుంది. 1897 మార్చి 10న చనిపోయింది. ప్రజారోగ్యం అంటే ఇష్టం లేక మనం ఇట్లా మాట్లాడుతున్నమని ఎవరన్నా అంటే, సావిత్రిబాయి పేరు చెప్పండి. సోదాకు వచ్చిన చెయ్యి వేరు, ఎత్తుకున్న చెయ్యి వేరు.

మన జాతులకు రిజిస్టర్ అంటే కొత్త కాదు. 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్ల మెడకు చుట్టుకుంది. పుట్టుకతోనే నేరస్తులన్నరు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ అట్లా వచ్చిందే. పేరు రాయడం, హాజరు తీసుకోవడం, హద్దు దాటితే శిక్ష. లాక్ హాస్పిటల్ టికెట్, సెటిల్‌మెంట్ హాజరు పట్టీ, రెండూ ఒకే కాలంలో, ఒకే బుర్రలోంచి పుట్టినయ్. 1952 ఆగస్టు 31న ఆ జాతులను నేరస్తుల జాబితా నుంచి తీసేశారు.

అదే 1871 చట్టంలో హిజ్రాల పేర్లు రిజిస్టర్ చేసే భాగం కూడా ఉండేది. దాని పోలికతోనే హైదరాబాద్ రాజ్యంలో ఫస్లీ 1329లో, అంటే 1919లో ఒక చట్టం వచ్చింది. ఆడ బట్టలు కట్టుకుని బజారులో కనబడితే వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు. అది రజాకార్లు పోయినా పోలేదు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా పోలేదు, తెలంగాణ వచ్చినా పోలేదు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. నూరేండ్లు దాటినంక. పాత చట్టం దానంతట అది చావదు. ఎవరో ఒకరు కోర్టుకు పోతేనే చస్తది.

ఇప్పుడు స్వతంత్రం వచ్చిన తర్వాతి సంగతి. 1956లో వచ్చిన చట్టాన్ని ఇప్పుడు మనం ఐటీపీఏ అంటున్నం. దానిలో 20వ సెక్షన్ చదవండి. ఒక ఆడమనిషి వృత్తిలో ఉందని మేజిస్ట్రేట్‌కు సమాచారం అందితే, విచారణ చేసి ఆమెను ఆ ప్రాంతం వదిలిపొమ్మని ఆదేశించవచ్చు. 1897 కంటోన్మెంట్ గుర్తొస్తుందా? రెయిడ్‌లో తీసుకొచ్చిన వాళ్లకు సుఖరోగాల పరీక్ష చేయాలనే నిబంధన 1986 సవరణలో చేరింది.

అదే 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె దగ్గర చదువుకుంటున్న నిర్మల కలిసి దేశంలో మొదటిసారి హెచ్ఐవీని గుర్తించారు. రక్తం ఎవరిది? విజిలెన్స్ హోమ్‌లో ఉన్న ఆడవాళ్లది. వాళ్ల రక్తం వల్లే దేశం మేలుకున్నది. వాళ్లకు దక్కిందేమిటి? హెచ్ఐవీ ఉందన్న కారణంతో కొందరిని గడువు తీరినా వదలలేదు. 1990లో కోర్టు చెప్తే గానీ తలుపు తెరుచుకోలేదు. లాక్ హాస్పిటల్ పేరు మారింది. తాళం మారలేదు.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. అందులో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్న మన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు.

ఇక్కడ నా మాట జాగ్రత్తగా వినండి. టీకా చెడ్డదని నేను అనడం లేదు. ఆ క్యాన్సర్ మన ఆడవాళ్లను చంపుతున్నది, దాన్ని ఆపే శక్తి ఆ టీకాకు ఉంది. ఆ కాలంలో కొందరు పిల్లలు చనిపోయారు. దర్యాప్తు చేసిన సంఘం ఆ చావులకు టీకాతో సంబంధం కనబడటం లేదన్నది, కానీ అనుమతులు తీసుకున్న తీరులో లోపాలు ఉన్నాయని ఒప్పుకున్నది. నేనడిగేది ఒకటే. భద్రాచలం దగ్గరి గూడెంలో తల్లి బతికే ఉంది. తండ్రి బతికే ఉన్నడు. వాళ్ల బిడ్డ ఒంట్లోకి సూది పోతుంటే వాళ్లనెందుకు అడగలేదు? వార్డెన్ ఎవరు అవునని చెప్పడానికి? 1868లో "వద్దు" అంటే శిక్ష. 2009లో "వద్దు" అనే చోటే లేకుండా చేశారు. అడగనోళ్లకు వద్దని ఎట్లా చెప్పాలె?

ఇంకొకటి. 2023 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ దిండోరి జిల్లా గాడాసరాయిలో సర్కారు సామూహిక వివాహాలు. పెళ్లికి వచ్చిన ఆదివాసీ యువతులకు గర్భ పరీక్షలు చేశారు. గర్భవతులని తేలిన కొందరిని జాబితా నుంచి తీసేశారు. గొడవైతే, సికిల్ సెల్ పరీక్షల్లో భాగంగా చేశామని అధికారులు అన్నారు. సికిల్ సెల్ మన జబ్బు. దాని పరీక్ష మనకు కావాలి, మందు కావాలి. కానీ ఆ పేరు చెప్పి పిల్ల నడత తూకం వేస్తే ఏమైతది? రేపు నిజంగా సికిల్ సెల్ క్యాంపు పెట్టినా ఆడపిల్లలు రారు. ఆరోగ్యాన్ని లాఠీగా వాడితే ముందు విరిగేది ఆరోగ్యమే. సికింద్రాబాద్ నుంచి పారిపోయిన ఆడవాళ్లు మందు నుంచి కూడా దూరమయ్యారు. రోగమూ వాళ్ల వెంటే పోయింది.

ఇక తమ్ముళ్లూ, మీకొక మాట. ఇదంతా తెల్లోడు, సర్కారు అని చేతులు దులుపుకోకండి. ఫోన్ మాట్లాడుతున్న ఆడపిల్లను అనుమానించే పెద్దమనిషి మన తండాలో లేడా, మన గూడెంలో లేడా? ఇక్కడ పొలాలు పోయి కంపెనీలు లేచినయ్. రాత్రి షిఫ్ట్ చేసి వచ్చే చెల్లెలి గురించి చెట్టు కింద ఏం మాట్లాడుకుంటున్నరు? గడ్డి అమ్మే ఆడమనిషిని అనుమానించిన ఆ ఆఫీసర్‌కు, ఈ మాటలకు తేడా ఎంత? మన ఇంట్లో పోలీసు ఉంటే బయటి పోలీసుతో కొట్లాడలేం.

చివరగా, ఆ చెల్లె ప్రశ్న. వద్దంటే ఏమైతది?

మామూలు పరీక్షకు, చికిత్సకు వద్దనే హక్కు నీకు ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఏం చేస్తున్నరో, ఎందుకో, ఏం ప్రమాదం ఉందో చెప్పి, మనిషి ఒప్పుకున్నంకనే డాక్టర్ ముట్టుకోవాలి. 2017 హెచ్ఐవీ చట్టం, మనిషి ఒప్పుకోకుండా హెచ్ఐవీ పరీక్ష చేయొద్దని మామూలు నియమంగా పెట్టింది. నీకు 18 నిండకపోతే మాట్లాడాల్సింది మీ అమ్మానాన్నలతో. వార్డెన్ సంతకం వాళ్ల సంతకం కాదు.

అందుకని క్యాంపు వచ్చినప్పుడు పారిపోకండి. ముందుకు పోయి అడగండి. ఇది ఏ పరీక్ష? ఫలితం నాకు చెప్తరా, ఇంకెవరికి చెప్తరు? కాగితం తెలుగులో ఉందా? చదవరాని మా అమ్మకు గోండిలోనో, కోయలోనో, లంబాడీలోనో చెప్పేవాళ్లున్నరా? వద్దంటే నా సీటు, నా స్కాలర్‌షిప్, నా పెండ్లి ఏమైతది? ఏజెన్సీ ఊళ్లల్లో అయితే ఈ ప్రశ్నలు గ్రామసభలో పెట్టండి, తీర్మానం రాయించండి. మీ ఊరి ఆశా అక్కతో, ఏఎన్ఎమ్‌తో కొట్లాడకండి. వాళ్లు కూడా పైనుంచి వచ్చిన టార్గెట్ల కింద నలిగే ఆడవాళ్లే. వాళ్లను మన పక్కన కూర్చోబెట్టుకోండి.

అడిగితే ఓపికగా చెప్పారనుకో, అది వైద్యం. చెయ్యి చాపి సూది వేయించుకో, భయపడకు. అడిగినందుకు కసిరారనుకో, పేరు రాసుకున్నారనుకో, అప్పుడు నీ ముందు ఉన్నది వైద్యం కాదు, పాత లాక్ హాస్పిటల్. అప్పుడు ఒక్కదానివే "వద్దు" అనకు. పక్క మంచం పిల్లను కూడా పిలువు. కంటోన్మెంట్ నుంచి పారిపోయిన ఆ ఆడవాళ్లకు లేనిది అదే, పక్కన నిలబడేవాళ్లు. మనం ఇంతమందిమి ఉన్నం.

జోహార్.